పెద్దాయన శ్రుతి

పట్టణం, 4 నవంబర్ 1956

అక్కా,

ఈ ఉత్తరం నువ్వొక్కదానివే చదువుకో. ఒత్తావియా వైన్ కొట్టులో మాత్రం బయటికి తీయకు.

నిన్న థియేటర్ మేనేజర్ నన్ను పిలిచాడు. జనవరి పదిహేడుకి పెద్దతాత ఆన్సెల్మో పోయి పాతికేళ్లు నిండుతాయి కదా. ఆ రోజు ఆయనకు పేరు తెచ్చిన ఒపెరానే మళ్లీ వేస్తున్నారు. ఆయన వేషం నాకిచ్చారు. "మీ ఇంటిపేరూ గిడోనీయే కదయ్యా. గోడపత్రిక మీద పైన ఆన్సెల్మో గిడోనీ, కింద తుల్లియో గిడోనీ. చూడ్డానికి బాగుంటుంది" అన్నాడు. నా గొంతు గురించి ఒక్క మాటా అనలేదు.

సంతోషించాల్సిన మాటే. ఇన్నేళ్లూ ఉత్తరాలు తెచ్చిచ్చే నౌకరు వేషాలూ, గుంపులో సైనికుడి వేషాలూ వేశాను. కానీ ఒప్పుకుని బయటికి వచ్చాక కోటు గుండీ పెట్టుకోలేకపోయాను. కాదంటే మళ్లీ పిలవరు. నీ పక్కన చీజ్ కాగులు తోముకోవడమే.

నా భయమంతా మూడో అంకం గురించి. అందులో తెర వెనక నిలబడి, ఒక్క హార్ప్ తోడుగా పాడాలి. జనానికి మనిషి కనబడడు, గొంతే వినబడుతుంది. ఒత్తావియా గ్రామఫోన్ మీద ప్రతి ఆదివారం తిరిగే రికార్డు ఆ పాటే. పెద్దతాత తన చేత్తో ఊరికిచ్చిన రికార్డు. ఆయన మిగతా రికార్డులు ప్రపంచమంతా అమ్ముతున్నారు, ఇది మాత్రం బయటెక్కడా దొరకదు. అందులో ప్రతి ఊపిరీ మనవాళ్లకు కంఠతా వచ్చు.

వాళ్లు వస్తారు. వచ్చి పై గ్యాలరీలో కూర్చుంటారు. చిన్నప్పుడు నాన్న మనల్ని ఈ ఒపెరాకే తీసుకొచ్చాడు, గుర్తుందా? ఆ పాట పాడిన మనిషి తెర ముందుకు రాగానే గ్యాలరీ అంతా జేబుల్లోంచి ఇంటి తాళంచెవులు తీసింది. బోలు గొట్టం ఉండే పాత తాళంచెవులు. పాట బాగోలేదని, కింది పెదవికి ఆనించి ఈలలా ఊదారు. ఆ మనిషి వంగి దణ్ణం పెట్టబోయి సగంలో ఆగిపోయాడు. తర్వాత ఆయన పేరు నేనెక్కడా వినలేదు. నాన్న కూడా ఊదాడు అక్కా.

ఊళ్లో ఏమనుకుంటున్నారో ఉన్నదున్నట్టు రాయి.

తుల్లియో


సాలిచెతో, 11 నవంబర్ 1956

తుల్లియో,

కాగు దగ్గరే నిలబడి నీ ఉత్తరం చదివాను. ఆవిరికి సిరా కొంచెం పాకింది కానీ విషయం తెలిసింది.

నేను దాచడానికేం మిగల్లేదు. నీ ఉత్తరం కంటే ముందే గోడపత్రిక వచ్చింది. పందులు కోసే గాస్పరే దాన్ని వైన్ కొట్టు తలుపుకి అంటించాడు. పట్టణానికి బస్సు మాట్లాడేదీ, గ్యాలరీలో మనవాళ్లకు ముందు వరస పట్టేదీ ఇప్పటికీ ఆయనే. "మన పిల్లాడే. మన రక్తమే. అయినా ముందు వినాలి" అన్నాడు. అందరూ తలూపారు. నాకు ఆ ఊపడం నచ్చలేదు.

ఇంకో సంగతి. పదిహేడు పొద్దున ప్రార్థనలో పిల్లల చేత పెద్దతాత పాట పాడించాలని సెల్సో ఫాదర్ ఆలోచన. రికార్డు తిరుగుతుంటే నేను ఆర్గన్ వాయించాలి, పిల్లలు కలపాలి. గ్రామఫోన్ చర్చికి మోసుకొచ్చారు. మొదలుపెట్టగానే రెండూ పొసగలేదు. రికార్డు నా ఆర్గన్ కంటే అర స్వరం పైన ఉంది. అందరూ నావైపు తిరిగారు, నేనేదో విరగ్గొట్టినట్టు.

"ఆర్గన్‌కి చెమ్మ పట్టింది" అన్నాడు గాస్పరే. "నది మంచు అంతా దాని గొట్టాల్లోకే పోతుంది. దిగిపోయింది పాపం."

"దిగితే ఎక్కిద్దాం" అన్నారు ఫాదర్. ఇప్పుడు ఆర్గన్ శ్రుతి పెంచడానికి మనిషిని పిలుస్తారట. పెద్దాయన తప్పు పాడి ఉండవచ్చని ఒక్కరికీ తోచలేదు. ఇంటికొచ్చి అచ్చయిన పాట తీసి చూశాను. నా ఆర్గన్ పలికేదీ, అందులో ఉన్నదీ ఒకటే. ఈ మాట నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

బస్సు డ్రైవర్ చేత చీజ్ ముక్క పంపాను. పైపెచ్చు పారేయకు, సూప్‌లో వేసుకో.

నీవెస్


పట్టణం, 20 నవంబర్ 1956

అక్కా,

నువ్వు రాసింది చదివాక నిద్ర పట్టలేదు. ఆర్గన్ సరిగ్గా ఉంటే అర్థం ఒక్కటే. పెద్దతాత ఆ పాటను అర స్వరం పెంచి పాడాడు.

సంగీత దర్శకుడిని అడిగాను. "ముసలి గిడోనీయా? పాడే ఉంటాడు" అన్నాడు. హార్ప్ వాయించే ముసలావిడను అడిగాను. "నేనైతే వినలేదు నాయనా. కానీ ఆయన చేయలేనిది ఏముంది" అంది. ఆయన గాల్లో ఎగిరాడని చెప్పినా, ఏ బాల్కనీ నుంచి అని అడుగుతారు తప్ప కాదనరు.

అచ్చులో ఉన్నట్టు అయితే నేను హాయిగా పాడగలను. అర స్వరం పైన గదిలో పాడి చూశాను. ఒకటి రెండుసార్లు అందింది. తర్వాత గొంతులో ఏదో ముడి పడ్డట్టయి, సాయంత్రం దాకా బొంగురు పోలేదు. ఉన్నట్టు పాడితే మనవాళ్లు ఏమనుకుంటారు? భయపడి శ్రుతి దించుకున్నాడనుకుంటారు. గ్యాలరీ అన్నిటినీ క్షమిస్తుంది కానీ దాన్ని క్షమించదు.

నువ్వు కనుక్కో. అంత తేడా నిజంగా వాళ్ల చెవికి తెలుస్తుందా? అడిగినట్టు లేకుండా అడుగు.

తుల్లియో


సాలిచెతో, 2 డిసెంబర్ 1956

తుల్లియో,

అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

మా చీజ్ తీయగా మిగిలిన నీళ్లు తాగి పెరిగిన పందులను కోయడానికి గాస్పరే గురువారం వచ్చాడు. పని అయ్యాక కత్తి తుడుచుకుంటున్నాడు. వైన్ పోసిచ్చి మెల్లగా కదిపాను. "బాబాయ్, ఎవడైనా ఆ పాటను అర స్వరం దించి పాడితే తెలుస్తుందంటావా?"

"మా ఆవు గొంతు మార్చి అరిస్తే నాకు తెలీదా?"

"అందరికీ తెలుస్తుందా అని."

"ఒత్తావియా కొట్టులో పిల్లికి కూడా తెలుస్తుంది." గ్లాసు పక్కన పెట్టాడు. "ఏమ్మా, తమ్ముడు దించుతాడా ఏంటి?"

"అబ్బే, ఊరికే అడిగా."

"దించమను, చూద్దాం" అని నవ్వాడు. ఆయన నవ్వితే వేళాకోళమో, నిజమో నాకెప్పుడూ తెలియదు. వెళ్తూ వెళ్తూ నీ చిరునామా అడిగాడు. ఎందుకని అడిగితే "నా పని నాది" అన్నాడు. ఇవ్వకపోతే అనుమానిస్తాడని ఇచ్చాను. తప్పు చేశానేమో.

నువ్వడిగింది ఇదే కాబట్టి రాశాను. మెడకి ఉన్ని గుడ్డ చుట్టుకో. గదిలో ఊరికే పాడి చూడకు.

నీవెస్


పట్టణం, 14 డిసెంబర్ 1956

అక్కా,

నిన్న ఒక పొట్లం వచ్చింది. సాలిచెతో పోస్టు ముద్ర. పైన నా పేరు మాత్రం పెద్ద పెద్ద వంకర అక్షరాలతో ఉంది. విప్పితే గుడ్డ పీలికలో చుట్టిన తాళంచెవి. బోలు గొట్టంది. ఊదీ ఊదీ పెదవి ఆనే చోట నున్నగా అరిగిపోయింది. చీటీ ఏమీ లేదు.

కోసే ముందు పందికి కూడా వాళ్లు కత్తి చూపించరు. నాకు చూపించారు.

బల్ల మీద పెట్టాను. గదిలో ఏ మూల కూర్చున్నా అదే కనబడుతోంది. సొరుగులో పెడితే ఇంకా అధ్వానంగా ఉంది.

హార్ప్ ఆవిడతో మాట్లాడాను. అర స్వరం పెంచి వాయించడం ఆవిడకు కష్టం కాదట. దర్శకుడు ఒప్పుకున్నాడు. మేనేజర్ అయితే మురిసిపోయి పత్రికల వాళ్లకు చెప్పేశాడు, గిడోనీ శ్రుతిలోనే గిడోనీ పాడతాడని. ఇక వెనక్కి పోయే దారి లేదు.

ఒక మాట చెబుతాను, కోపం తెచ్చుకోకు. మన ఊరి ముద్ర ఉన్న ఏ కవరూ ఇక తెరవను. నీది కూడా. నువ్వు మంచికే రాస్తావు, కానీ ప్రతి ఉత్తరం తర్వాత గొంతు ఇంకొంచెం మూసుకుపోతోంది. పదిహేడు దాటాక అన్నీ చదువుతాను. ఫోన్ చేయకు, పిలిచినా ఫోన్ దగ్గరికి రాను. ఊరివాళ్లెవరినీ నా దగ్గరికి పంపకు.

తుల్లియో


సాలిచెతో, 19 డిసెంబర్ 1956

తుల్లియో,

కవరు మీద నా పేరు పెద్దదిగా రాశాను. ఇది తెరువు. నీ కాళ్లు పట్టుకుంటాను, తెరువు.

తాళంచెవి గాస్పరేదే. నీ ఉత్తరం అందగానే వాళ్లింటికి పోయి నిలదీశాను. ఆయన బిత్తరపోయాడు. "నేను ఊదే తాళంచెవి వాడికే ఇచ్చేశానమ్మా. ఇంకేం రాయాలి? నా జేబు ఖాళీ అని చెప్పడమేగా అది. గ్యాలరీ పెద్ద ముందుగానే తాళంచెవి పంపిస్తే ఆ రాత్రి ఎవడూ ఊదడు. మీ నాన్న మీకు చెప్పలేదా?" అన్నాడు. నాన్న చెప్పలేదు. గ్యాలరీలో ఆడవాళ్లకూ పిల్లలకూ ఇలాంటివి ఎవరూ చెప్పరు. ఆయనకు ఉన్న పాత తాళంచెవి అదొక్కటేనట. ఇప్పుడు వీధి తలుపుకి తాడు కట్టుకుంటున్నాడు. కళ్లారా చూశాను.

ఇంతకంటే ముఖ్యమైనది ఇంకోటి ఉంది. ఆర్గన్ సంగతి మనసులో తొలుస్తుంటే ఒత్తావియాను విడిగా పట్టుకుని అడిగాను, ఆ గ్రామఫోన్ ఎవరైనా బాగుచేశారా అని. ఆవిడ తలుపు మూసి వచ్చి కూర్చుంది. "నా కొట్టు ముంచనని ఒట్టేయి" అంది. వేశాను.

"మా ఆయన తిప్పాడే. పళ్లెం పక్కన చిన్న స్క్రూ ఉంటుంది, వేగానికి. పాట నెమ్మదిగా నడుస్తుంటే తాగేవాళ్లు దిగులుపడి ఇళ్లకు పోతున్నారని తిప్పాడు. అప్పటికి పెద్దాయన పోయి ఏడాది కూడా కాలేదు. తర్వాత ఆయనా మర్చిపోయాడు, నేనూ మర్చిపోయాను."

అర్థమైందా? రికార్డు వేగంగా తిరుగుతోంది. అందుకే శ్రుతి పైకి లేచింది. పెద్దతాత అర స్వరం పెంచి ఎప్పుడూ పాడలేదు. అచ్చులో ఉన్నట్టే పాడాడు, నువ్వు హాయిగా పాడగలనన్నట్టే. ఊరు ఇన్నేళ్లుగా వింటున్న గొంతు ఏ మనిషిదీ కాదు.

ఈ మాట ఊళ్లో చెప్పలేను. చెబితే గిడోనీల ఆడది తమ్ముడి కోసం పెద్దాయనను కిందికి లాగుతోందంటారు. ఫోన్ ఉన్నది ఆ కొట్టులోనే, నలుగురి మధ్యలో. అందుకని ఒక పని మొదలుపెడుతున్నాను. ప్రార్థనకు ముందు కొట్టు ఊడ్చిపెడతానని పోయి, ఆదివారం ఆదివారం ఆ స్క్రూ కొంచెం కొంచెం వెనక్కి తిప్పుతాను. పదిహేడు నాటికి వాళ్ల చెవులు అసలు శ్రుతికి అలవాటు పడాలి. గాస్పరే ఊదకపోయినా, మనవాళ్లు నిన్ను దించుకున్నాడని అనుకోకూడదు.

అచ్చులో ఉన్నట్టు పాడు. చాలు.

నీవెస్


సాలిచెతో, 6 జనవరి 1957

తుల్లియో,

నీ నుంచి ఏమీ రాలేదు. పోయిన ఉత్తరం తెరిచావో లేదో తెలియదు. కాబట్టి మళ్లీ రాస్తున్నాను. తాళంచెవి బెదిరింపు కాదు, మాట ఇవ్వడం. రికార్డు తప్పు. అచ్చులో ఉన్నట్టు పాడు.

నేనే వద్దామనుకున్నాను. నది పొంగింది. పడవల వంతెన విప్పి గట్టుకు కట్టేశారు. క్రిస్మస్ నుంచి పోస్టు కూడా చుట్టుదారినే వస్తోంది.

స్క్రూ దాదాపు ఉండాల్సిన చోటికి వచ్చేసింది. ఎవరూ కనిపెట్టలేదు, కానీ ఏదో పోయిందని మాత్రం అందరికీ తెలుస్తోంది. పోయిన ఆదివారం పాట అయ్యాక ఎవరూ పేకముక్కలు పంచలేదు.

"నీరసించాడు" అన్నాడు ఒకడు.

"రికార్డు అరిగిందిరా. మనిషి అరగడూ?" అన్నాడు ఇంకొకడు.

గాస్పరే నా పక్కకొచ్చి మెల్లగా అన్నాడు. "ఆయన ఇంకోసారి పోతున్నాడు నీవెస్. ఈసారి మన కళ్లముందే." ఆయన కళ్లలో నీళ్లు. నా వేళ్లకు ఇంకా ఆ స్క్రూ తుప్పు అంటుకునే ఉంది. చేతులు ఏప్రాన్ కింద దాచుకున్నాను.

నీకోసమే చేశాను. తెరువు.

నీవెస్


థియేటర్ వెనక గుమ్మం దగ్గర, 17 జనవరి 1957, సాయంత్రం

తుల్లియో, పొద్దున్నే వంతెన మళ్లీ కట్టారు, బస్సులో వచ్చాం. కాపలావాడు లోపలికి పోనివ్వడం లేదు. సాలిచెతో వాళ్లను రానివ్వొద్దని నువ్వే చెప్పావట. అక్కనంటే, "అందరూ అక్కలే" అంటున్నాడు. ఈ చీటీ ఇవ్వమని బతిమాలాను. పెంచకు. అచ్చులో ఉన్నట్టు పాడు. ఎవరి జేబులోనూ తాళంచెవి లేదు. నీవెస్


పట్టణం, 25 జనవరి 1957

అక్కా,

నువ్వు ఆసుపత్రికి వచ్చినప్పుడు నేను నోరు తెరవలేదని బాధపడ్డావని నర్స్ చెప్పింది. కోపం కాదు. మాట్లాడకూడదన్నారు. గుసగుస కూడా వద్దన్నారు. రాయడం ఒక్కటే మిగిలింది.

గదికి వచ్చాక అన్నీ తెరిచాను. తేదీల వరసలో చదివాను. చీటీ చివర్లో దొరికింది. కాపలావాడు దాన్ని పూలగుత్తుల్లో గుచ్చాడు, నేను పూలు చూడలేదు.

ఆ రాత్రి సంగతి నీకు పైనుంచి ఎలా ఉందో నాకు తెలియదు. తెర వెనక చీకటిగా ఉంది. హార్ప్ ఆవిడ చేతులు మాత్రం కనబడ్డాయి. జేబులో గాస్పరే తాళంచెవి ఉంది. గదిలో వదిలి రావడానికి భయమేసి తెచ్చుకున్నాను. చివరి స్వరం పట్టుకున్నప్పుడు గొంతులో ఏదో తెగింది. నొప్పి లేదు. వేడిగా అనిపించింది, అంతే. స్వరం నిలిచింది. ఎలా నిలిచిందో నాకు తెలియదు. అప్పటికి అది నాది కాదు.

తర్వాత అటు నుంచి ఏ చప్పుడూ లేదు. ఈలా లేదు, చప్పట్లూ లేవు. నోరు తుడుచుకున్నాను. చేతిరుమాలు ఎర్రగా ఉంది. నాలుగో అంకం వేరే అతను పాడాడు.

డాక్టర్ వసంతం దాకా చూద్దామన్నాడు. మాట వస్తుందట. పాట గురించి కాగితం మీద రాసి అడిగితే కిటికీ వైపు చూశాడు.

అచ్చులో ఉన్నట్టు పాడి ఉంటే ఏమయ్యేది అక్కా? నిజం రాయి.

తుల్లియో


సాలిచెతో, 3 ఫిబ్రవరి 1957

తుల్లియో,

నిజమే రాస్తాను. ఉన్నట్టు పాడి ఉంటే చప్పట్లు కొట్టేవాళ్లు. బస్సులో రొట్టె, సాసేజ్ తింటూ బాగానే పాడాడనుకునేవాళ్లు. నువ్వు ఇంటికొచ్చి సూప్ తాగేవాడివి. అంతకంటే ఏమీ అయ్యేది కాదు.

పైన ఎలా ఉందో చెబుతాను. నీ మొదటి మాట వినగానే పెంచావని నాకు తెలిసిపోయింది. గ్యాలరీ కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. నా చుట్టూ అందరూ ముందుకు వంగారు. వారాల తరబడి ఆ గొంతు పోతోందని కుమిలిన వాళ్లు కదా. మనిషి కనబడకుండా, చీకట్లోంచి, అదే గొంతు, అదే ఎత్తులో తిరిగొచ్చింది. గాస్పరే టోపీ తీసేశాడు. "ఆయనే" అన్నాడు. చప్పట్లు కొట్టకపోవడం అందుకే. చర్చిలో కొడతారా?

నేను ఆ స్క్రూ ముట్టకపోతే వాళ్లకు అంత ఆకలి ఉండేది కాదు. ఇది కూడా నిజమే కాబట్టి రాస్తున్నాను.

స్క్రూ మళ్లీ తిప్పలేదు. అసలు శ్రుతిలోనే తిరుగుతోంది, కానీ ఆ రికార్డు ఇప్పుడు ఎవరూ అడగడం లేదు. నది పొంగి రాలేకపోయిన ఆర్గన్ బాగుచేసేవాడిని కూడా ఇక రావొద్దన్నారు. అందరూ నీ గురించే మాట్లాడుతున్నారు. "పెద్దాయన కంటే అర స్వరం పైన పాడాడు" అని పోయిన ఆదివారం గాస్పరే అన్నాడు. ఈ ఆదివారం "పూర్తిగా ఒక స్వరం" అన్నాడు. ఒత్తావియా నావైపు చూసి గ్లాసులు తుడుచుకుంది. ఎవరూ కాదనలేదు. రికార్డుకైతే స్క్రూ ఉంది. ఆ రాత్రి నువ్వు పాడింది ఎవరూ రికార్డు చేయలేదు. దాన్ని నేను ఎక్కడ పట్టుకుని కిందికి దించను?

వచ్చే జనవరిలో మళ్లీ ఆ ఒపెరాయేనట. ఎవరో కొత్త కుర్రాడట, కొండల వైపు నుంచి. ఇంకా పేరు కూడా తెలియదు. నిన్న గాస్పరే మా గుమ్మంలోకి వచ్చి నీ ఆరోగ్యం అడిగాడు. నీకోసం ఎండిన సాసేజ్ ఇచ్చాడు. వెళ్తూ వెళ్తూ అన్నాడు, "తమ్ముడికి ఇంక పని లేదు కదమ్మా, నా తాళంచెవి పంపమను. తలుపుకి తాడు ఎన్నాళ్లు."

తలుపుకేనా అని అడిగాను.

"తలుపుకే" అన్నాడు. మెట్లు దిగి, ఆగి, "ఆ కొత్తవాడిని కూడా వినాలిగా" అన్నాడు.

పంపకు తుల్లియో. వచ్చేటప్పుడు పడవల వంతెన మీద బస్సు నెమ్మదిస్తుంది. కిటికీ తీసి నీళ్లలో వేసెయ్. ఇంకో బోలు తాళంచెవి ఆయనకు ఎవరైనా ఇస్తారు, నాకు తెలుసు. అయినా వేసెయ్.

నీ గది వెచ్చగా ఉంచాను.

నీవెస్